సారు ఇల్లు – పటాల మ్యూజియం: చందాల జమా ఖర్చుల వివరణ

హన్మకొండలోని మా డ్రాయింగ్ సారు ఇంటిని, ఆయన పోగు చేసిన చేర్యాల పటాలను (కథ చెబుతూ చూపించే, బట్ట మీద వేసిన పొడవాటి బొమ్మల చుట్టలను) అందరూ వచ్చి చూసే మ్యూజియంగా మార్చడానికి చందాలిచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మార్చి 31 వరకు లెక్క ఇది.

మొత్తం జమ 11,84,500 రూపాయలు. విడి చందాలు 7,42,500, సారు దగ్గర చదువుకున్న పూర్వ విద్యార్థులు పోగు చేసింది 2,75,000, సారు పిల్లలు ఇచ్చింది 1,31,000, గుమ్మం దగ్గరి హుండీలో పడ్డది 36,000. ఇంటిని కూడా పిల్లలే అద్దె లేకుండా కమిటీకి లీజుకు రాసిచ్చారు. ఆ రిజిస్ట్రేషన్, సొసైటీ, ఆడిటర్ ఖర్చులు 97,000.

డాబా కురవకుండా చేయించడం, చెదల మందు, కొత్త వైరింగ్ కలిపి 4,18,000 అయింది. 2023 జూలై వానలకు మన ఊరి నయీంనగర్ ఇళ్లలోకి నీళ్లు రావడం అందరం చూశాం. అందుకే అల్మారాలన్నిటినీ ఇనుప స్టాండ్ల మీదికి ఎక్కించాం, 84,000. వాచ్‌మన్ జీతం 1,08,000.

పటాల సంరక్షణకు 3,46,500 ఎందుకని చాలామంది అడిగారు. చేర్యాల పటం బట్ట మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి వేసేది. తేమ తగిలితే పూత పొక్కుతుంది, మరీ ఎండితే పగులుతుంది, జిగురుకు పురుగు చేరుతుంది. అందుకని ఒక్కో పటాన్ని లావుపాటి గొట్టానికి చుట్టి, మధ్యలో ఉతికిన నూలు బట్ట వేయించాం. గోడకు పరిచిన వాటి మీద 50 లక్స్ (వెలుతురును కొలిచే కొలత) మించి వెలుతురు పడకుండా లైట్లు మార్చాం. గది మసకగా ఉందని అనుకోవద్దు, రంగులు వెలిసిపోకుండా ఉండాలంటే అంతే వెలుతురు ఉండాలి. ఇంట్లో ఉన్న పెంబర్తి నగిషీ ఇత్తడి సామాను తోమించి మెరిపించమని కొందరు దాతలు కోరారు. తోమితే పనితనం అరిగిపోతుంది. అందుకే దానికి ఒక్క రూపాయి పెట్టలేదు.

అభ్యంతరం వచ్చిన ఖర్చు ఒకటే: కథ చెప్పినవాళ్లకు ఇచ్చిన 45,000. పటం చూపిస్తూ పద్మశాలీల కులపురాణమైన మార్కండేయ పురాణం చెప్పే కూనపులి కుటుంబాన్ని పిలిపించాం. వరంగల్ కొత్తవాడ నుంచి పద్మశాలీ కుటుంబాలు వచ్చి రాత్రి పొద్దుపోయేదాకా విన్నాయి. పటం పాతబడితే ఏట్లో కలపడం కథ చెప్పేవాళ్ల ఆచారం. అలా కలిసిపోవలసిన వాటిని సారు బతిమాలి, డబ్బిచ్చి తెచ్చుకున్నారు. కథ చెప్పే గొంతు లేకుండా పటాన్ని గోడకు వేలాడదీస్తే అది సగం పటమే. ఈ ఖర్చు సరైనదని కమిటీ మొత్తం నమ్ముతోంది, వచ్చే ఏడు కూడా పెడుతుంది.

హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం కూడా 1951లో సాలార్‌జంగ్ సొంత ఇల్లు దివాన్ దేవిడీలోనే మొదలైంది. దానికి 1961లో పార్లమెంటు చట్టం అండ దొరికింది. మనకు మీ చందాలే అండ, అందుకే టికెట్ పెట్టలేదు.

మొత్తం ఖర్చు 10,98,500. బ్యాంకులో నిల్వ 86,000. ఇది వానాకాలంలోపు వెనక గది కిటికీలకు వాడతాం. బిల్లులు, రసీదు పుస్తకాలు ముందు గదిలోని బల్ల మీదే ఉంటాయి. దాతలే కాదు, ఎవరైనా చూడొచ్చు.

– కమిటీ