పై వచనం ఏమిటి బాబూ

గుంటూరు,
జనవరి 11, ఆదివారం రాత్రి

ఒరేయ్ ఐతుకూ (పౌలు ప్రసంగంలో నిద్రపోయి కిటికీలోంచి పడిపోయినవాడి పేరు నీకు ఊరికే పెట్టలేదు),

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. క్రిస్మస్‌కి రాద్దామనుకున్నాను, కొత్త సంవత్సరానికి రాద్దామనుకున్నాను, ఇదిగో సంక్రాంతి కూడా వచ్చేస్తోంది. మిగతా కబుర్లన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తాను: నాన్నకు షుగరు అదుపులోనే ఉంది, చెల్లెలి సంబంధం కుదిరేలా ఉంది, మా వీధి రోడ్డు మళ్ళీ తవ్వారు, నీ సైకిలు మా మెట్ల కింద యథాప్రకారం తుప్పు పడుతోంది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు వస్తానన్నావు, 9, 10, 11 తేదీలు, మాట తప్పకు. అయిపోయింది. ఇక అసలు సంగతి. మూడు రోజులుగా ఎవరికి చెప్పాలో తెలియక లోపల కుతకుతలాడుతోంది.

మొన్న గురువారం ఇంటి ప్రార్థన కూడిక మిరపకాయల మామ్మ వాళ్ళింట్లో జరిగింది. గుర్తుంది కదా, మిర్చి యార్డు దగ్గర గోడౌన్లలో తొడిమలు తీసే మామ్మ. చిన్నప్పుడు మనకు నిమ్మతొనల బిళ్ళలిస్తే తినగానే నాలుక మండిపోయేది. ఆ మామ్మే. ఇప్పటికీ పనికి వెళుతోంది. పాస్టరు గారికి జ్వరం రావడంతో వాక్యం చెప్పే పని నా మీద పడింది. పడిందని పైకి అంటున్నాను గానీ, లోపల ఎంత పొంగిపోయానో నీకు వేరే చెప్పాలా? నా ఫోనులో ఇప్పుడు హీబ్రూ నిఘంటువు ఉంది, వ్యాఖ్యానాలు నాలుగు ఉన్నాయి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు ఈ ఊళ్ళో అడుగుపెట్టిన నాటి నుంచీ వాక్యం మన తాతల ఆస్తి అని ఎలాగూ మనకొక ధీమా. దానికి ఇవి తోడయ్యాయి.

మామ్మ ఇంట్లోకి వెళ్ళగానే ఒకటి చూశాను. పని నుంచి అప్పుడే వచ్చింది. చేతులకు మజ్జిగ రాసుకుని కడుక్కుంది, మళ్ళీ సబ్బుతో కడుక్కుంది, వాసన చూసుకుంది, తల అడ్డంగా ఊపింది. తర్వాత ముసుగు వేసుకుని, పెట్టెలోంచి బైబిలు తీసి, ఉతికిన తువ్వాలు మీద పెట్టి, పేజీలను పమిట కొంగుతో తిప్పింది, వేలు తగలనివ్వకుండా. భక్తి అనుకుని నేను మురిసిపోతుంటే, "కారం అంటుకుంటుంది బాబూ, పిల్ల చదువుకుని కళ్ళు నులుముకుంటే?" అంది. ఆమెకు చదువు రాదు. పదో తరగతి చదువుతున్న మనవరాలు రోజూ రాత్రి చదివి వినిపిస్తుంది. భక్తి కాదనడం లేదు నేను. రెండూనేమో. సరే, ముందుకు పోనీ.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుడి మాట అని తలా ఒక వచనం తీసుకుంటాం కదా, మామ్మ తీసిన ఆ వాగ్దానపు కార్డు ఏమిటో తెలుసా? యిర్మీయా 29:11. మన సంఘంలో సగం ఇళ్ళ గోడల మీద ఉండేదే. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అని ఉంటుందే, అది. దాని మీదే మాట్లాడమంది. నాకు పండగే కదా! ఇళ్ళ స్థలం పట్టా కోసం ఆమె అర్జీ పెట్టి పద్నాలుగేళ్ళయింది, ఆ ఇంటి కష్టం అందరికీ తెలుసు. నేను గొంతు పెంచి, చెయ్యి ఊపి, "ఈ సంవత్సరం దాటకముందే మామ్మా, పట్టా నీ చేతిలో ఉంటుంది!" అనేశాను. స్తోత్రాలు మోగిపోయాయి. నువ్వుంటే కిటికీలోంచి పడేవాడివి, నిద్రతో కాదు, నవ్వుతో.

అప్పుడు మామ్మ నెమ్మదిగా, "దాని పై వచనం ఏమిటి బాబూ?" అంది.

"అది వేరే సందర్భంలే మామ్మా" అన్నాను. ఒట్టు, అలాగే అన్నాను. నేను చూసుకోలేదు మరి. ఆ పిల్ల ఆగుతుందా, టకటకా చదివేసింది: "డెబ్బది సంవత్సరములు గతించిన తరువాతనే". బబులోను చెరలో ఉన్నవాళ్ళు తిరిగి ఊరు చేరేది అప్పుడట. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మామ్మ వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. "నాకిప్పుడు డెబ్బై రెండు" అని పకపకా నవ్వింది. "అంటే ఆ మాట విన్న ముసలివాళ్ళెవరూ తిరిగి ఊరు చేరి ఉండరు కదా బాబూ. అందుకే నిరీక్షణ అన్నాడన్నమాట. ఎదురుచూస్తూ ఉండమని."

ఇక నా పాండిత్యం ఊరుకుంటుందా? "కాదు మామ్మా, బైబిలు భాషలో నిరీక్షణ అంటే ఎదురుచూడడం కాదు, ఆశ. సమాధానం అంటే జవాబు కాదు, శాంతి. మామూలు తెలుగు వేరు, ఇది వేరు" అని పంతులులా చెప్పాను. ఆమె "అలాగా బాబూ" అని తలొంచుకుని కార్డును కళ్ళకద్దుకుంది. ఆ "అలాగా" ఇంకా చెవిలో మోగుతోందిరా.

ఇంటికి వచ్చి, నా గొప్ప నాకే రుజువు చేసుకుందామని ఆ నిఘంటువు తెరిచాను. అక్కడ మూలంలో ఉన్న మాట తిక్వా. ఆశ అనే అర్థం, నేను చెప్పిందే. కానీ దాని ధాతువు కవా. దాని అర్థం ఎదురుచూడడం! ఏ గురువూ చెప్పకుండా, ఏ పుస్తకమూ చూడకుండా, మామ్మ తిన్నగా ధాతువు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నేనేమో ఆమెను దిద్దాను. ఇంకొకటి చెప్పనా, రాహాబు తన కిటికీకి కట్టిన ఎర్ర తాడు ఉంది చూడు, యెహోషువ రెండో అధ్యాయంలో, అక్కడ తాడు అనే చోట కూడా ఇదే తిక్వా. కిటికీ అనగానే నువ్వు గుర్తొచ్చావు, అందుకే రాయాలనిపించింది.

తర్వాత అధ్యాయమంతా మొదటి నుంచి చదివాను. సిగ్గుతో చెబుతున్నాను, ఎన్నిసార్లు ఆ వచనం చెప్పి ఉంటానో, అధ్యాయమంతా చదవడం ఇదే మొదటిసారి. అదొక ఉత్తరంరా! బబులోను చెరలో ఉన్నవాళ్ళకు యెరూషలేము నుంచి యిర్మీయా పంపిన ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా ఉన్నాడు. రెండేళ్ళలో అందరూ తిరిగి వచ్చేస్తారని చెప్పి, బబులోనుకు లోబడాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేసిన పెద్దమనిషి. జనం ఎవరికి స్తోత్రాలు చెప్పి ఉంటారో ఊహించు. హనన్యా అయినా రెండేళ్ళు గడువిచ్చాడు, నేను మామ్మకు పన్నెండు నెలలు కూడా ఇవ్వలేదు.

మామ్మను దేవతను చేస్తున్నాననుకోకు. ఏలీయా ఎవరో, ఎలీషా ఎవరో ఆమెకు ఇప్పటికీ కలిసిపోతారు (నీకూ అంతే). తేడా ఎక్కడుందంటే... ఎలా చెప్పాలో తెలియడం లేదు. నేను వచనం దగ్గరికి వెళ్ళేటప్పటికే అది ఏం చెప్పాలో నిర్ణయించుకుని వెళుతున్నాను. ఆమె రెండుసార్లు చదివించుకుని ఊరుకుంటుంది. కాసేపు నిజంగా ఏమీ మాట్లాడదు. నాకు ఆ కాసేపు భరించడం చేతకావడం లేదు, అదే నా రోగం.

శనివారం గోడౌన్ దగ్గరికే వెళ్ళాను. గేటు దాటగానే తుమ్ములు. ఎర్రటి గుట్టల మధ్య ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. "మామ్మా, నువ్వు చెప్పిందే రైటు, మూలంలో ఎదురుచూడడమే" అన్నాను. చేతిలో కాయ తొడిమ తీసి పక్కకు వేస్తూ, "నాకు తెలిసింది ఆ ఒక్క అర్థమే కదా బాబూ" అంది. అంతటితో ఊరుకోలేదు. ఇండ్లు కట్టుకోమని అందులో ఉందని చెబితే, "స్థలం ఇస్తే కట్టుకోమా" అంది. పక్కనున్న ఆడవాళ్ళందరూ నవ్వేశారు. "ఉత్తరాల గురించి ఇంత చెబుతున్నావు కదా, నా అర్జీ మళ్ళీ నువ్వే రాసిపెట్టు" అని అంటగట్టింది.

రేపు తొమ్మిదింటికి ఆ పని మీదే వెళుతున్నాను. అర్జీ ఎలా మొదలుపెట్టాలో... అమ్మ లైటు ఆపమని మూడోసారి అరుస్తోంది. నీ జీతం సంగతి రాయలేదు, ఆ రెండో ఉద్యోగం ఏమయిం

ఆపేశారు. టార్చి వెలుగులో రాస్తున్నాను. ఉంటానురా.

నీ
పేతురు
(ఎందుకో నీకు తెలుసు, కోడి కూయకముందే మాట తప్పినవాడి పేరు)