మా కక్షిదారులకు: వచ్చే నెల నుంచి ఆఫీసులో మారేవి

లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. అందుకని ముందే చెబుతున్నాం, ఇది కొత్త కేసుల కోసం రాసింది కాదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కోర్టుల్లో ఇప్పటికే మాకు వకాల్తా ఇచ్చినవారికీ, వాళ్ల తరఫున ఫైళ్లు మోసుకుని తిరిగే ఇంట్లోవాళ్లకీ.

మావన్నీ డబ్బు కేసులే. చెక్కు బౌన్సు, చీటింగు, చిట్టీలు, డిపాజిట్లు, సొసైటీ నిధులు, ఫ్రీజయిన బ్యాంకు ఖాతాలు. ఎప్పుడూ నిందితుల తరఫునే. వచ్చే నెల నుంచి ముగ్గురం పని పంచుకుంటున్నాం. చెక్కు కేసులూ కింది కోర్టుల్లో విచారణా ఒకరివి. బెయిళ్లు, పోలీసు నోటీసులు, ఖాతాల ఫ్రీజు రెండో వారివి. హైకోర్టు మూడో వారిది, నేలపాడులో కేసున్న రోజు ఆయన ఫోనెత్తరు, నొచ్చుకోవద్దు. వీటితోపాటు లెక్కలు చూసే అకౌంటెంటు ఒకరు కొత్తగా వస్తున్నారు. ఫీజు పెరగడానికి కారణం అదే, ఆ సంగతి చివర్లో చెబుతాం.

చేజేతులా పాడు చేసుకునే కేసులు ఎక్కువగా చెక్కువి, అదీ నోటీసు దశలో. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో అవతలివారు నోటీసు పంపాలి. అది మీ చేతికందాక డబ్బు కట్టడానికి మీకు 15 రోజులు. కట్టకపోతే ఆ పైన నెలలోగా వాళ్లు కేసు వేయాలి. మన దగ్గర చాలామంది నోటీసును బీరువాలో పెట్టేసి, సమన్లొచ్చాక ఆఫీసు మెట్లెక్కుతున్నారు. రిజిస్టర్డు కవరు తీసుకోకుండా తిప్పి పంపేస్తే నోటీసు అందనట్టేనని ఊళ్లో ఎవరో ఒకరు చెబుతారు. సరైన చిరునామాకొచ్చి తిరస్కరించినట్టు రాసి వెనక్కెళ్లిన కవరు అందినట్టే లెక్క. నోటీసు నిజంగానే చేరకపోయి ఉంటే, సమన్లు అందిన 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టి ఆ మాట కోర్టుకు చెప్పుకునే వీలుంది. 2007లో సుప్రీంకోర్టు ఇచ్చిన వెసులుబాటు అది. పదహారో రోజున ఆ దారి ఉండదు.

నోటీసుకు జవాబు మీరే రాసేసి పంపకండి. జవాబులో 'అతనెవరో నాకు తెలీదు, సంతకం నాది కాదు' అంటారు. కోర్టులో 'సెక్యూరిటీగా ఖాళీ చెక్కు ఇచ్చాను' అంటారు. రెండూ ఒకే నోట వచ్చాక మేజిస్ట్రేటు దేన్నీ నమ్మరు. సంతకం మీదని ఒప్పుకున్నాక బాకీ ఉన్నట్టే చట్టం అనుకుంటుంది. లేదని చూపించాల్సింది మీరు. మిగతాది వేరేవాళ్లు నింపారన్న ఒక్క మాటతో బయటపడలేమని 2019 తీర్పు. అప్పిచ్చినవాడు లక్షల్లో నగదుగా ఇచ్చాడు, ఇన్‌కంటాక్సు చట్టం ఒప్పుకోదు కాబట్టి అప్పే చెల్లదన్న వాదన కూడా 2025లో సుప్రీంకోర్టు ముందు నిలవలేదు. ఆ వాదన పెట్టమని ఇంకా అడుగుతున్నారు. పెట్టం.

నిలిచేది లెక్క. చెక్కిచ్చిన తర్వాత, అది బ్యాంకులో వేయకముందు మీరు కొంత కట్టి ఉంటే, ఆ కట్టిన సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేసుకున్న చెక్కు మీద, చెక్కు బౌన్సును నేరం చేసే 138 సెక్షను నిలవదు. ఇది 2022 తీర్పు. అందుకే ఫోన్‌పేలో పోసిన ప్రతి ఐదు వేలకూ తేదీ, యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి పడే గుర్తింపు నంబరు) కావాలి. చెక్కుబుక్కులో ఆ చెక్కుకు ముందూ వెనకా ఉన్న నంబర్లు ఎప్పుడు వాడారో కూడా కావాలి. 2021 నాటి పుస్తకంలోని చెక్కు మీద 2024 తేదీ ఉంటే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది. పాత చెక్కుబుక్కు అట్టల్ని పారేయకండి.

కేసు ఎక్కడ నడుస్తుందన్నది డబ్బు రావాల్సినవాళ్ల ఖాతా ఏ బ్రాంచిలో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. పలాస జీడి వ్యాపారి ఇచ్చిన చెక్కును సరుకిచ్చినవాళ్లు విశాఖలోని తమ ఖాతాలో వేస్తే వాయిదాలకు విశాఖే వెళ్లాలి. పలాస కోర్టుకు మార్పించమంటే మా చేతిలో లేదు. శిక్ష రెండేళ్ల దాకా, జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా. నేరం ఒప్పుకోనన్నాక విచారణ మధ్యలోనే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా కట్టమనే అధికారం కోర్టుకుంది. అపీలుకు వెళ్లాలన్నా కింది కోర్టు వేసిన జరిమానాలోనో పరిహారంలోనో మామూలుగా కనీసం 20 శాతం జమ చేయమంటారు. రాజీకి రావాలనుంటే ఈ లెక్కలు చూసుకుని ముందే రండి.

చీటింగు కేసులకొస్తే, 2024 జులై 1కి ముందు జరిగినదానికి పాత ఐపీసీ 420 సెక్షను, తర్వాతదానికి కొత్త భారతీయ న్యాయ సంహిత 318(4). రెండింటికీ ఏడేళ్ల దాకా శిక్ష, అందుకే చాలా సందర్భాల్లో ముందు 35(3) నోటీసు, అంటే అరెస్టు చేయకుండా స్టేషనుకు రమ్మనే పోలీసు నోటీసు, వస్తుంది. అది వాట్సాప్‌లో వస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అలాగని ఊరుకోకండి, వచ్చిన రోజే మాకు పంపండి. చేతికిచ్చిన నోటీసుకు వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి చూపించినట్టు. సొసైటీ కార్యదర్శులకూ బ్యాంకు ఉద్యోగులకూ పడే 316(5), అంటే నమ్మి అప్పగించిన డబ్బు వాడేసుకున్నారన్న సెక్షను, వేరు. యావజ్జీవం దాకా శిక్షున్న సెక్షన్‌కు ఈ నోటీసు రక్షణను నమ్ముకుని కూర్చోలేం, ముందస్తు బెయిలు వెంటనే వేయాలి.

పోలీసు ఫిర్యాదు మీద ఖాతా ఫ్రీజయితే బ్యాంకు మేనేజరుతో వాదన పెట్టుకుని లాభం లేదు. ఏ రాష్ట్రం, ఏ స్టేషను, ఫిర్యాదు నంబరు, ఏ లావాదేవీ, ఎంత మొత్తం, ఈ ఐదూ రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఆ డబ్బు సరుకుదైతే బిల్లు, వేబిల్లు జతచేసి దర్యాప్తు అధికారికి రాస్తాం. వివాదం పన్నెండు వేల మీదైతే మొత్తం ఖాతా ఎందుకు ఆపారని అడుగుతాం. వినకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి. కమీషన్‌కు ఆశపడి ఏటీఎం కార్డూ సిమ్మూ ఎవరికో ఇచ్చినవాళ్లు మాత్రం ఆ మాట మొదటి రోజే చెప్పాలి. జరిగిపోయినదాని గురించి లాయరుకు చెప్పింది బయటికి రాకుండా చట్టం కాపాడుతుంది. దాచి, సగం కేసు నడిచాక ఛార్జిషీటులో మాకు కనబడితే ఏమీ చేయలేం.

వాట్సాప్ చాటింగు స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి తెస్తున్నారు. అవి చాలవు. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను ప్రకారం హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడు) సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగంలో నిపుణుడు సంతకం పెట్టాలి. అసలు ఫోను కూడా ఉండాలి. కేసు నడుస్తుండగా పాత ఫోను ఎక్స్చేంజికి ఇచ్చేసినవాళ్లున్నారు. ఇకమీదట అలా చేస్తే ఆ చాటింగుల మీద ఆధారపడి వాదన కట్టం.

జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేసి ఇంకా వసూలు చేస్తూనే ఉన్నవాళ్ల కేసులు ఇక తీసుకోం. పాతవి వదిలిపెట్టడం లేదు.

ఫీజు ఇకపై దశలవారీగా ఉంటుంది. జవాబు నోటీసుకో ముందస్తు బెయిలుకో ఒకటి, ఛార్జిషీటు దాకా ఒకటి, విచారణకు ఒకటి. లెక్కల పనికి విడిగా. ప్రతిదానికీ రసీదు ఇస్తాం. గెలిస్తే ఇంత శాతం అన్న బేరం నియమాలకు విరుద్ధం, అడగొద్దు. బెయిలుకు పూచీ ఉండే ష్యూరిటీలను మేం ఏర్పాటు చేయం, ఆస్తి కాగితాలున్న మీవాళ్లనే తెచ్చుకోండి. స్టేషన్లో ఇవ్వాలనో కోర్టులో ఇవ్వాలనో మా పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే, అడిగినవాడు మా గుమస్తాయే అయినా సరే, ఇవ్వకండి. ముగ్గురిలో ఎవరికైనా ఆ రోజే ఫోన్ చేయండి.