డెక్ ఆయిల్ తేదీలు ఎందుకు జరిపామంటే

కొత్త డెక్ (ఇంటి బయట చెక్క పలకలతో వేసే అరుగు) బిగించాక ఆయిల్ కోటింగ్ కోసం ఎదురుచూస్తున్న కస్టమర్లందరికీ ఒకేసారి చెబుతున్నాను. మేము ఇచ్చిన తేదీలన్నీ వాయిదా పడ్డాయి. ఫోన్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో సాకు చెప్పడం నాకు చేతకాదు. పలకల్లో ఇంకా తేమ ఉంది, అదే కారణం.

చాలాకాలంగా మాకు చెక్క పంపుతున్న సప్లయర్ ఈసారి లోడు మీద "బట్టీలో ఆరబెట్టిన సరుకు" అని రాసి మరీ పంపాడు. చేత్తో తాకితే పొడిగానే అనిపించింది. తేమ కొలిచే మీటర్ పెట్టి చూస్తే ఒక పలక 14 శాతం, దాని పక్కదే 23 శాతం. అంతా తడిగా ఉన్నా ఇంత బాధపడేవాణ్ణి కాదు, అన్నీ కలిసి ఆరేవి. రెండు రకాల సరుకు కలిపేసి ఒకటే అని అమ్మడం నాకు మింగుడుపడలేదు. బిగించడానికైతే ఇబ్బంది లేదు. తడి పలక ఆరాక వెడల్పు తగ్గుతుంది కాబట్టి, అవి ఉన్న చోట సందు తగ్గించి బిగించాం. అసలు చిక్కు ఆయిల్ దగ్గరే వస్తుంది.

డెక్ ఆయిల్ పెయింట్‌లా పైన పొరగా ఉండిపోయేది కాదు, చెక్క లోపలికి ఇంకాలి. ఆరిన పలక గబగబా పీల్చేసుకుంటుంది. నీళ్లతో నిండిన పలకలో నూనెకు చోటెక్కడిది? పైనే నిలిచి, రోజులు గడిచినా జిగురుగా ఉంటుంది, దుమ్మంతా పట్టి నల్లబడుతుంది. ఒకే డెక్ మీద ఒక పలక ముదురుగా, ఒకటి పాలిపోయి కనిపిస్తుంది.

ఇదే మాట సప్లయర్‌తో అంటే ఏమన్నాడో తెలుసా? "కాస్త ముదురు రంగు ఆయిల్ కొట్టెయ్యండి, ఎవరికీ తెలీదు." మా కస్టమర్లకు కళ్లు లేవనుకున్నాడా? పైగా రంగు ముదిరేకొద్దీ తేడా ఎక్కువగా కనబడుతుంది గానీ తగ్గదు. ఇన్నేళ్లుగా సరుకు అమ్ముతున్న మనిషికి ఆ మాత్రం తెలియదా!

పలకలు పీకి వేరే లోడు వేయాలా, చెప్పిన తేదీకి పని ముగించాలా, ఆగాలా అని చాలా టెన్షన్ పడ్డాను. పీకితే మళ్లీ ఆ మనిషి సరుకే రావాలి, ఆ నమ్మకం పోయింది. చెప్పిన తేదీకి కొట్టేస్తే నా మాట నిలబడుతుంది, మీ డెక్ పాడవుతుంది. ఒక పాత కస్టమర్ "వేరేవాళ్లు బిగించిన మర్నాడే ఆయిల్ కొట్టి వెళ్తున్నారండీ, మీకే ఇన్ని పట్టింపులు" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. అయినా ఆగడానికే నిర్ణయించుకున్నాను. ప్రతి పలకా 15 శాతానికి దిగేదాకా మా బ్రష్ మీ డెక్ మీదికి రాదు. ఎవరు తొందరపెట్టినా ఇదే మాట.

ఈలోగా ఎండకు పలకలు కాస్త బూడిద రంగుకు తిరుగుతాయి. భయపడకండి, అది పైపైనే. వాన పడితే చెక్కలోని వగరు పదార్థం గోధుమరంగు నీళ్లుగా కారుతుంది. కింద సిమెంటు గచ్చు ఉంటే వెంటనే కడిగేయండి, ఆరిపోతే ఆ మరక మొండిది. డెక్ మీద చాపలు, పూలకుండీలు మాత్రం పెట్టకండి. వాటి కింద చెక్క ఆరదు, ఆ ఆకారమే ముద్ర పడిపోతుంది.

ఆరాక డెక్ క్లీనర్‌తో కడిగి, మళ్లీ ఆరనిచ్చి, 60 లేదా 80 నంబరు ఉప్పుకాగితం పడతాం. మిషన్ చిత్రిక పట్టినప్పుడు కొత్త చెక్క మీద ఒక నున్నటి మెరుపు వస్తుంది, అది ఉంటే ఆయిల్ దిగదు. అలాగని మరీ సన్న కాగితం పట్టినా దిగదు. నీటి చుక్క వేస్తే నిలవకుండా ఇంకిపోవాలి, అప్పుడే డబ్బా తెరుస్తాం. డబ్బాకీ డబ్బాకీ రంగు కొద్దిగా మారుతుంది కాబట్టి అన్నీ ఒకే బకెట్‌లో కలుపుతాం. నేరుగా ఎండ పడని వేళలో, రెండు మూడు పలకలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా మధ్యలో ఆపకుండా పూస్తాం. మధ్యలో ఆపితే అతుకు గీత ఎప్పటికీ కనిపిస్తుంది. ఇంకగా మిగిలిన ఆయిల్‌ని ఆరకముందే గుడ్డతో తుడిచేస్తాం. పలచగా రెండు సార్లే, దట్టంగా ఒక్కసారి కాదు.

మేమే పూసుకుంటాం అన్నవాళ్లు నిక్షేపంగా పూసుకోండి. కానీ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు. అవిసె నూనె లాంటివి ఆరేటప్పుడు వేడి పుట్టి, ఆ కుప్ప దానంతటదే అంటుకోగలదు. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

ఆగలేనివాళ్లకు ఆయిల్ పనికిచ్చిన అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాను, మాట పట్టింపు లేదు. సప్లయర్‌కి మిగిలిన సరుకు వెనక్కి పంపేశాను. ఇకమీదట ఎవరి లోడైనా దించకముందే, బండి మీదే మీటర్ పెడతాను. అది అవమానంగా అనిపించేవాళ్ల దగ్గర కొనను.