వార్షిక నివేదిక: ఇళ్ల ఫైలు, రోడ్డు ఫైలు విడివిడిగా కదలాలి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. పాత ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టే పథకాన్ని, కాలనీ అంచు మీదుగా వేయబోయే కొత్త రోడ్డుతో ముడిపెట్టారు. రోడ్డుకు అనుమతి వస్తేనే ఇళ్లకు నిధులు, రోడ్డు పూర్తయ్యాకే రెండో దశ ఇళ్లు. ప్రతిపాదనలో అసలు సంగతి ఇంతే, మిగతా పేజీలన్నీ బొమ్మలు.

దీని మీద జరిగిన మొదటి సమావేశంలోనే మనలో మనకు చీలిక వచ్చింది. వాన పడితే పైకప్పు కారే బ్లాకుల వాళ్లు, ‘ముందు ఇళ్లు రానివ్వండి, రోడ్డు గొడవ మనకెందుకు’ అన్నారు. రోడ్డు కోసం మార్కింగ్ పడిన వరుసలోని వాళ్లు, ‘మా ఇల్లు పోతేనే మీ ఇల్లు వస్తుందా’ అని అడిగారు. రెండు మాటలూ న్యాయమైనవే. ఇరుగుపొరుగు మధ్య ఈ తగవు పెట్టింది ఆ ముడే. పాత ఇళ్లు బాగుపడాలా అని ఒక్కటే అడిగి ఉంటే కాదనేవారు మనలో ఎవరూ లేరు.

ముడి పెట్టడానికి కారణం లేకపోలేదు. చాలాచోట్ల నిబంధనల ప్రకారం భవనం ఎంత ఎత్తు లేపవచ్చనేది ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. రోడ్డు వెడల్పయితే అంతస్తులు పెరుగుతాయి, అదనపు ఫ్లాట్లు అమ్మిన డబ్బుతో పాతవాళ్ల ఇళ్ల ఖర్చు గట్టెక్కుతుంది. అగ్నిమాపక వాహనం లోపలికి రావాలన్నా దారి కావాలి. ఈ వాదనను మన కార్యవర్గం కొట్టిపారేయలేదు.

మనకు నచ్చనిది లెక్క కట్టిన తీరు. రోడ్డు నివేదికలో కొత్త ఇళ్ల వల్ల ట్రాఫిక్ పెరుగుతుంది కాబట్టి రోడ్డు తప్పదని ఉంది. ఇళ్ల నివేదికలో రోడ్డు వస్తోంది కాబట్టి ఇన్ని ఇళ్లు కట్టవచ్చని ఉంది. ఇద్దరు ముద్దాయిలు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నట్టుంది వ్యవహారం. నిజానికి పోల్చి చూడాల్సిన దారులు నాలుగు: రెండూ చేయడం, రెండూ మానడం, రోడ్డు ఒక్కటే వేయడం, ఇళ్లు మాత్రమే కట్టడం. ప్రతిపాదన చేసినవాళ్లు చూపించింది మొదటి రెండే. ‘రోడ్డు లేకుండా, కాస్త తక్కువ అంతస్తులతో ఇళ్లు కడితే ఎంతవుతుంది’ అనే ప్రశ్నకు అంకె అడుగుతూ రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాం. ‘పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది. ఇంకా అక్కడే ఉంది.

సభ్యుల కోసం పెట్టిన చదువు సమావేశాలకు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. రోడ్డు పెద్దదైతే రద్దీ తగ్గుతుందనే నమ్మకం మీదే ఎక్కువ చర్చ జరిగింది. రద్దీ వేళల్లో కొత్త రహదారి కూడా మళ్లీ నిండిపోతుందని ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే రాశారు. అమెరికా నగరాల లెక్కలు తీసిన డ్యురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు, అంతర్రాష్ట్ర రహదారుల లేన్ల మొత్తం పొడవు పెరిగిన దామాషాలోనే వాటి మీద వాహనాల ప్రయాణమూ పెరుగుతోందని 2011లో చూపించారు. అయితే అవి మహా రహదారుల లెక్కలు, మనది కాలనీ పక్క రోడ్డు. యథాతథంగా అంటించుకోకూడదని ఒక సభ్యుడు అన్న మాట సబబే. సియోల్‌లో చొంగ్యేచొన్ వాగు మీది ఎత్తైన రహదారిని 2003లో తొలగించడం మొదలుపెట్టి, 2005 కల్లా వాగును తిరిగి తెరిచారు. నగరం స్తంభించిపోతుందన్న భయం నిజం కాలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం న్యూయార్క్ ఉదాహరణ. అక్కడ రాబర్ట్ మోజెస్ అనే అధికారి చేతిలో రహదారుల నిర్మాణమూ, మురికివాడల తొలగింపు కమిటీ అధ్యక్షతా ఒకేసారి ఉండేవి. క్రాస్ బ్రాంక్స్ రహదారి కోసం ఈస్ట్ ట్రెమాంట్‌లో ఒక్క మైలు మేర సుమారు 1,500 కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. పక్కనే పార్కు అంచున వేరే దారి ఉందని స్థానికులు చూపించినా వినలేదు. అదే నగరంలో దిగువ మాన్‌హాటన్ రహదారిని మాత్రం రచయిత్రి జేన్ జేకబ్స్, ఇరుగుపొరుగు వాళ్లు కలిసి 1960లలో ఆపగలిగారు. ఇళ్లూ రోడ్లూ ఒకే సంతకంతో కదిలే చోట నిలబడి ప్రశ్నించేవాళ్లు ఎంత అవసరమో ఇక్కడ కనిపిస్తుంది.

రోడ్డు పేరుతో కాగితం మీద గీత పడితే చాలు, నష్టం మొదలైపోతుంది. ఎలాగూ పోయే ఇల్లే కదా అని మరమ్మతులు ఆగిపోతాయి, కొనేవాళ్లు రారు, అప్పు ఇచ్చేవాళ్లు వెనకాడతారు. ఆ తర్వాత అదే పాడుబడ్డ గోడను చూపించి పడగొట్టక తప్పదంటారు. అందుకే ఈ ఏడాది మరమ్మతుల కోసమే ఎక్కువ తిరిగాం. నిర్ణయం తేలేదాకా పైకప్పులు, డ్రైనేజీ పనులు ఆపబోమని రాతపూర్వక హామీ తెచ్చుకున్నాం. రెండు బ్లాకుల్లో పని మొదలైంది.

సర్వసభ్య సమావేశం చివరికి చేసిన తీర్మానం ఇది. ఇళ్ల నిధులకు రోడ్డు అనుమతిని షరతుగా పెట్టకూడదు. తాత్కాలిక వసతి, తిరిగి వచ్చే హక్కు కాగితం మీదికి వచ్చేదాకా ఏ ఇల్లూ ఖాళీ చేయించకూడదు. కూల్చివేతకు ముందు అద్దెదారులతో సహా నివాసులందరి ఓటు తీసుకోవాలి. లండన్‌లో మేయర్ నిధులతో జరిగే పెద్ద పునర్నిర్మాణాల్లో పాత ఇళ్లు కూల్చాల్సి వస్తే ఇలాంటి ఓటును 2018లో తప్పనిసరి చేశారు. కాబట్టి మనది గొంతెమ్మ కోరిక కాదు. తీర్మానం ఏకగ్రీవం కాలేదు. ముడి విప్పితే అసలు నిధులే జారిపోతాయని కొందరు సభ్యులు రాసిచ్చిన అసమ్మతి పత్రాన్ని మినిట్స్‌కు జతచేశాం. ఆ భయం ఉత్తిది కాదు, అందరూ చదవండి.

మిగతా పనులు మామూలుగా సాగాయి. వీధి దీపాలు వెలుగుతున్నాయి, పార్కు గేటు ఇంకా విరిగే ఉంది. జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పత్రం ఆఫీసులో చూడవచ్చు. అభ్యంతరాల ఫొటోకాపీలకే ఈసారి ఖర్చు ఎక్కువైంది.

తదుపరి బహిరంగ విచారణ తేదీ రాగానే నోటీసు పెడతాం. వచ్చేవాళ్లు నివాస రుజువు, పైకప్పు ఫొటోలు తెచ్చుకోండి. అద్దెకుంటున్న వాళ్ల పేర్లు నివాసుల జాబితాలో చాలావరకు లేవు. మీ బ్లాకులో అలాంటివాళ్లుంటే ముందుగా వాళ్ల పేర్లు రాయించండి.

కార్యదర్శి