డియెల్మో ఊరి నుంచి నేర్చుకోవలసింది

సంపాదకులకు,

అయ్యా,

మలేరియా వార్తలు మన పత్రికల్లో తొలకరితో మొదలై చలికాలానికి ఆగిపోతాయి. మన్యంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఏళ్ల తరబడి రక్తపు స్లైడ్లు చూసినవాడిని కనుక, ఈ జ్వరం సీజను లెక్కలకు అందదని చెప్పడానికి పశ్చిమాఫ్రికాలోని ఒక చిన్న ఊరి సంగతి మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

సెనెగల్ దేశంలో, గాంబియా సరిహద్దుకు దగ్గరగా, ఏడాది పొడవునా పారే నేమా వాగు ఒడ్డున డియెల్మో ఉంది. 1990లో అక్కడి జనాభా సుమారు 250. ఆ ఏడు ఫ్రెంచి పరిశోధకులు, డాకార్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వారు కలిసి, ఊరివారి అంగీకారంతో పని మొదలుపెట్టారు. రోజూ ఇంటింటికీ వెళ్లి ఎవరికి ఒళ్లు వెచ్చబడిందో కనుక్కోవడం, జ్వరం ఉంటే వేలికొస నుంచి రక్తపు చుక్క తీసి చూడడం, అక్కడికక్కడే మందు ఇవ్వడం వారి పని. రాత్రిళ్లు కొందరు మోకాళ్ల దాకా బట్ట పైకి మడిచి కూర్చుని, కాలి మీద వాలిన దోమను గాజు గొట్టంలో పట్టేవారు. వానల్లోనే మలేరియా వచ్చే ఎన్‌డియోప్ అనే పొరుగూరిని కూడా 1993లో ఇందులో చేర్చడంతో, వాగున్న ఊరికీ లేని ఊరికీ తేడా కళ్లకు కట్టింది.

1990లో డియెల్మో పిల్లల్లో 87 శాతం మంది రక్తంలో ఫాల్సిపేరం అనే మలేరియా పరాన్నజీవి ఉంది. అయినా వారిలో చాలామంది ఆడుతూ పాడుతూ తిరుగుతున్నవారే. పదేపదే దోమ కుట్టగా ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుందని, కాబట్టి స్లైడులో పురుగు కనబడినంత మాత్రాన ఆ జ్వరం మలేరియాదే అనలేమని, ఎన్ని పురుగులున్నాయో వయసును బట్టి లెక్క చూడాలని అక్కడ స్పష్టంగా తేలింది. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే నేను రాసిన రిపోర్టులు కొన్ని వేరుగా ఉండేవి.

2006లో ఆర్టెమిసినిన్ కలిపిన మలేరియా మందులు, 2008 జులైలో మందు పూసిన దోమతెరలు వచ్చాయి. నెలకు ప్రతి 100 మందిలో 5.45గా ఉన్న మలేరియా జ్వరాలు 0.41కి పడిపోయాయి. అక్కడితో లెక్క ఆపి ఉంటే విజయమని రాసుకునేవారే. కానీ రోజువారీ గమనింపు ఆగలేదు కనుక, 2010 సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య అది మళ్లీ 4.57కు పెరగడం పట్టుబడింది. పదేళ్లు దాటిన పిల్లల్లోను, పెద్దల్లోను ఆ పెరుగుదల ఎక్కువ. దోమల్లో తెర మందుకు లొంగనివి కూడా పెరిగాయి. తెరలు పనికిరావని దీనికి అర్థం కాదు. 2011లో కొత్త తెరలు ఇచ్చారు, 2012 నాటికి పిల్లల్లో పరాన్నజీవి 0.3 శాతానికి తగ్గింది.

మా దగ్గర స్లైడు నా బల్ల మీదికి చేరేసరికే ఆ మనిషి కొండెక్కి తన ఊరికి వెళ్లిపోయేవాడు. ఫలితం చెప్పడానికి మనిషి ఉండేవాడు కాదు. అందుకే మన ఏజెన్సీలో వాగు ఒడ్డున ఒక ఊరిని, వాగుకు దూరంగా మరో ఊరిని ఎంచుకుని, ఆ ఊళ్ల యువతకే శిక్షణ ఇచ్చి, కనీసం పదేళ్లకు సరిపడా నిధులు ముందుగానే కేటాయించి, రోజూ గమనించే ఏర్పాటు చేయాలని వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
పాడేరు