బేబీ క్యారియర్లకి గిఫ్ట్ ప్యాకింగ్ ఆపేస్తున్నాం, ఎందుకో చదవండి

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలోని మా పిల్లల వస్తువుల షాపు నుంచి చిన్న అప్‌డేట్. చిన్నది అన్నాను గానీ కాస్త పొడుగే అవుతుంది, టీ తాగుతూ చదవండి.

ఈ నెల నుంచి బేబీ క్యారియర్లకి, అంటే బిడ్డని ఒంటికి కట్టుకుని మోసేవాటికి, రంగు కాగితం చుట్టి, పేరు రాసి, నేరుగా కొత్త తల్లిదండ్రుల ఇంటికి పంపే పని మానేస్తున్నాం. జుబ్బాలు, దుప్పట్లు, గిలక్కాయలు, దోమతెరలు అన్నీ ఎప్పటిలాగే ప్యాక్ చేసి పంపుతాం. క్యారియర్ ఒక్కటి మాత్రం దాన్ని వేసుకోబోయే మనిషికి తెలియకుండా మా షాపు దాటదు. గిఫ్ట్ ఇవ్వాలనుకున్నవాళ్లకి బదులుగా ఒక కార్డు ఇస్తాం, దాని సంగతి కింద చెబుతాను. ముందు కారణం.

మాకు వాట్సాప్‌లో తరచూ వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: "మేడమ్, మా టీమ్‌లో ఒకాయనకి పాప పుట్టింది, అందరం కలిసి మూడు వేలు వేసుకున్నాం, మంచి క్యారియర్ ఒకటి చెప్పండి, శుక్రవారంలోపు అందాలి." నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న, పాప ఇప్పుడు ఎక్కడుంది అని. చాలాసార్లు వచ్చే జవాబు ఒంగోలు, కర్నూలు, మదనపల్లె. కాన్పుకి పుట్టింటికి వెళ్లిన అమ్మాయి మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసుకుని గానీ బెంగళూరు రాదు కదా. అప్పటిదాకా పాపని ఎత్తుకోవడానికి అమ్మమ్మ, పిన్ని, పక్కింటి అత్త, వంతులేసుకుని మరీ ఉంటారు. బాలింతని గడప దాటనివ్వరు. ఆ ఇంట్లో క్యారియర్‌కి పనేముంది? దాని అసలు పని మొదలయ్యేది ఇక్కడ, ఏడో అంతస్తు ఫ్లాట్‌లో, భర్త ఆఫీస్ కాల్‌లో ఉండి, పనమ్మాయి రాని రోజున, పాప పడుకోబెట్టగానే లేచి ఏడుస్తుంటే. అందుకని శుక్రవారానికి పరిగెత్తాల్సిన తొందరేం లేదు. పైగా పుట్టిన వారానికి కొన్నది, ఇక్కడికి వచ్చేసరికి సరిపోకపోవచ్చు. సాగే గుడ్డతో చేసిన ర్యాప్ చిన్న పిల్లలకి చాలా హాయిగా ఉంటుంది, కానీ బిడ్డ బరువు పెరిగేకొద్దీ సాగి కిందకి జారడం మొదలుపెడుతుంది. అది ఒంటికి మూడు పొరలుగా చుట్టుకునేది కూడా, మే నెలలో విజయవాడలో దాన్ని కట్టుకోమంటే తల్లీబిడ్డా ఇద్దరూ ఉడికిపోతారు.

బరువు సంగతి ఇంకోటి. డబ్బా మీద పెద్దగా "పుట్టినప్పటి నుంచి" అని ఉంటుంది. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చూడండి. చాలా బకిల్ క్యారియర్లకి, అంటే నడుం బెల్టు, భుజం పట్టీలు బకిళ్లతో బిగించుకునేవాటికి, కనీస బరువు 3.2 కిలోలనో 3.5 కిలోలనో రాసి ఉంటుంది. మన ఇళ్లలో రెండున్నర, రెండుముప్పావు కిలోలతో పుట్టే పిల్లలు ఎంతమంది లేరు! నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా, ఊపిరికి సంబంధించిన ఇబ్బంది ఏదైనా ఉన్నా పిల్లల డాక్టర్ని అడగకుండా ఏ క్యారియరూ వద్దు, మాది కూడా వద్దు. ఆసుపత్రిలో కంగారూ కేర్ అని బిడ్డని తల్లి ఛాతీకి ఆనించి పడుకోబెట్టిస్తారు చూడండి, అది నర్సు దగ్గరుండి నేర్పేది, అది చూసి క్యారియర్‌కి కూడా డాక్టర్ సరే అన్నట్టే అనుకోకండి.

సరే, ఇప్పుడు అసలు విషయం. గిఫ్ట్ కొనేవాళ్లు బిడ్డని ఊహించుకుని కొంటారు. కానీ క్యారియర్ సరిపోవాల్సింది మోసేవాళ్లకి. మొన్న ఒక జంట వచ్చారు, ఎవరో ఇచ్చిన బకిల్ క్యారియర్ పట్టుకుని. మంచి రకమే, ఖరీదైనదే. ఆ అమ్మాయి ఐదడుగులు కూడా ఉండదు, సన్నంగా ఉంది, నడుం బెల్టు చివరిదాకా లాగినా వదులుగానే వేలాడుతోంది. భర్త ఆరడుగుల మనిషి, ఆయనకి మాత్రం కొలిచి కుట్టించినట్టు కూర్చుంది. "ఏం చేయాలక్కా?" అని ఆ అమ్మాయి అడిగితే "ఏముందమ్మా, ఇక ఎత్తుకునే డ్యూటీ ఆయనదే" అన్నాను. నవ్వుకున్నారు గానీ, పగలంతా బిడ్డతో ఇంట్లో ఉండేది ఆమె.

సిజేరియన్ అయినవాళ్లకి ఇంకో తిప్పలు. నడుం బెల్టు సరిగ్గా కుట్ల మీదకి వచ్చి ఒరుసుకుంటుంది. బెల్టు ఇంకాస్త పైకి కట్టుకుంటే కొందరికి బాగుంటుంది, కొందరికి కొన్నాళ్లు బెల్టే లేని రింగ్ స్లింగ్ మేలు, అంటే పొడుగు గుడ్డని రెండు రింగుల్లోంచి లాగి ఒక భుజం మీదుగా వేసుకునేది. ఆ రింగ్ స్లింగ్‌లోనూ భుజం కొలతని బట్టి సైజులుంటాయి, పైగా బరువంతా ఒక్క భుజం మీద పడుతుంది కాబట్టి మెడనొప్పి, భుజంనొప్పి ఉన్నవాళ్లకి పనికిరాదు. చీర కట్టుకునేవాళ్లకి మాత్రం అదే సుఖం, బెల్టు కింద కుచ్చిళ్లు నలిగే గొడవ ఉండదు. మా షాపులో దాన్ని అందరికంటే ముందు పట్టేసేది అమ్మమ్మలే. పాత చీరతో బిడ్డని చంకకి కట్టుకుని పొలం పనికి వెళ్లినవాళ్లని చూసిన తరం కదా, "ఓస్ ఇంతేనా" అని రెండు నిమిషాల్లో కట్టేసుకుంటారు. ఆ అమ్మమ్మలే వీపు వెనక బకిల్ పెట్టుకోవాల్సిన రకం చూస్తే చేయి అందక విసుక్కుని పక్కన పడేస్తారు. బెంగళూరులో సగం ఇళ్లలో బిడ్డని చూసుకునేది ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో నానమ్మో. వాళ్లని లెక్కలోకి తీసుకోకుండా కొన్న క్యారియర్ అటక మీదకే పోతుంది.

హిప్ సీట్ గురించి చాలామంది అడుగుతున్నారు, నడుముకి చిన్న పీటలాగా ఉంటుంది చూడండి, దాని గురించి. బిడ్డ తనంతట తాను కూర్చోవడం వచ్చాక, అంటే సుమారు ఆరు నెలలు దాటాక బాగుంటుంది. అంతకుముందు గిఫ్ట్ ఇస్తే దాచుకోవడమే. అది పెద్దది, బ్యాగులో పట్టదు, బస్సు ప్రయాణానికి నేనైతే తీసుకెళ్లను.

ఇక తొమ్మిది వందల రూపాయల రకం ఎందుకు లేదని అడుగుతున్నవాళ్లకి. ఆ స్టాక్ అయిపోయింది, మళ్లీ తెప్పించం. వాటిలో కూర్చునే చోటు సన్నగా ఉంటుంది, బరువంతా తొడల మధ్య పడి కాళ్లు కిందకి వేలాడుతుంటాయి. బిడ్డ తొడలకి మోకాళ్ల వరకూ ఆసరా ఉండాలి, మోకాళ్లు పిర్రల కంటే కాస్త పైకి ఉండాలి, ముందు నుంచి చూస్తే కాళ్లు కప్ప కాళ్లలా విచ్చుకుని కనిపించాలి. పిల్లల తుంటి కీలు సమస్యల మీద పనిచేసే ఇంటర్నేషనల్ హిప్ డిస్‌ప్లేసియా ఇన్‌స్టిట్యూట్ చెప్పేదీ ఇదే, తుంటి కీలు గట్టిపడే మొదటి ఆరు నెలల్లో ఇది మరీ ముఖ్యం అంటారు. అలాగని పావుగంట ఆ సన్న రకంలో ఎత్తుకుంటే ఏదో అయిపోతుందని భయపెట్టి అమ్మడం నాకిష్టం లేదు, మీ దగ్గర ఆల్రెడీ ఉంటే కంగారు పడకండి. రోజూ గంటల తరబడి వాడే వస్తువుగా మాత్రం దాన్ని నేను అమ్మను, అంతే.

తుంటి కంటే నాకు ఎక్కువ టెన్షన్ ఊపిరి గురించి. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2010 మార్చిలో స్లింగ్‌ల మీద ఒక హెచ్చరిక ఇచ్చింది. అంతకుముందు ఇరవై ఏళ్లలో వీటికి సంబంధించిన 14 మరణాలు గుర్తించామని, వాటిలో 12 నాలుగు నెలల లోపు పిల్లలవేనని చెప్పింది. గుడ్డ ముక్కుకి అడ్డుపడటం ఒక కారణం. రెండోది, బిడ్డ వంగి ముడుచుకుపోయి గడ్డం ఛాతీకి ఆనుకోవడం, అలా అయితే గొంతు దారి మూసుకుపోతుంది, ఏడవడానికి కూడా గాలి అందదు. బ్యాగులాగా లోతుగా ఉండి బిడ్డ అందులో మునిగిపోయే స్లింగ్‌లు మా దగ్గర దొరకవు, ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఏ క్యారియర్ అయినా మొహం ఎప్పుడూ మీకు కనిపిస్తూ ఉండాలి, తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి, గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలి, వీపు కుంగిపోకుండా బిగుతుగా ఉండాలి. ఇది కాగితం మీద చదివితే ఎక్కదు. ఒకసారి వేసి చూపించాలి. ప్యాక్ చేసి పంపడం ఆపడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే, డబ్బాలో ఉన్న చిన్న పుస్తకం ఎవరూ చదవరు.

బైక్ సంగతి. దయచేసి, దయచేసి, క్యారియర్‌లో బిడ్డని కట్టుకుని స్కూటర్ ఎక్కకండి. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్లో రోజూ చూస్తున్నాను, నాన్న ఛాతీకి క్యారియర్, అందులో బిడ్డ, ముందు హ్యాండిల్. బ్రేక్ పడితే బిడ్డ మీద నాన్న బరువు పడుతుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన రూల్ ఉంది, అది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. నాలుగేళ్ల లోపు పిల్లలకి బండి మీద సేఫ్టీ హార్నెస్ (బిడ్డని బండి నడిపేవాళ్లకి కట్టి ఉంచే పట్టీల జాకెట్) ఉండాలి, తొమ్మిది నెలలు దాటినవాళ్లకి హెల్మెట్ ఉండాలి, బండి గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ హార్నెస్ వేరే వస్తువు, క్యారియర్ దానికి బదులు కాదు. కారు సీటుకీ బదులు కాదు. "దీంతో బండి మీద వెళ్లొచ్చా?" అని అడిగి, కుదరదంటే వెళ్లిపోయినవాళ్లున్నారు, పోతే పోనీ.

మరి క్యారియర్ దేనికి పనికొస్తుందంటే, చాలావాటికి. మన ఫుట్‌పాత్‌ల మీద స్ట్రోలర్ నాలుగు అడుగులు వేసేలోపు ఒక గుంతో, పైకి లేచిన రాయో, నిలబెట్టిన బండో అడ్డొస్తుంది, అందుకే చాలా ఇళ్లలో స్ట్రోలర్ బాల్కనీలో బట్టలు ఆరేసుకునే స్టాండుగా మారుతుంది. మెట్రోలో, మార్కెట్లో, తిరుమల క్యూలో రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఎంత సుఖమో మోసినవాళ్లకే తెలుసు. పొయ్యి దగ్గర, వేడి టీ చేతిలో ఉన్నప్పుడు మాత్రం వద్దు.

ఇప్పుడు కార్డు. వెయ్యి నుంచి మీకు నచ్చిన మొత్తానికి తీసుకోవచ్చు, ఏడాది పాటు చెల్లుతుంది, పుట్టింటి నుంచి వచ్చేదాకా ఆగాలి కాబట్టే అంత గడువు పెట్టాం. బారసాలకి చేతిలో ఏదో ఒకటి కనిపించాలనుకునేవాళ్లకి కార్డుతో పాటు మెత్తటి కాటన్ దుప్పటి ఒకటి పెట్టి ఇస్తాం, దాని డబ్బులు వేరే. తల్లిదండ్రులు షాపుకి వచ్చినప్పుడు ఇసుక నింపిన బరువు బొమ్మతో ముందు అలవాటు చేసి, తర్వాత బిడ్డని పెట్టి చూపిస్తాం. నచ్చిన రకం వెయ్యి రూపాయల డిపాజిట్‌తో వారం ఇంటికి తీసుకెళ్లి వాడి చూడొచ్చు. నచ్చకపోతే ఉతక్కుండానే తెచ్చివ్వండి, మేమే ఉతుకుతాం, ఇంటి సబ్బులతో బకిల్ దగ్గర పట్టీలు పాడవుతున్నాయి. ఏ క్యారియరూ వద్దనిపిస్తే ఆ కార్డుతో డైపర్లు కొనుక్కోండి, మొహమాటం అక్కర్లేదు.

మీలో కొందరికి అనుమానం వస్తుంది, ఇదంతా ఖరీదైనవి అంటగట్టడానికేనా అని. సూటిగా చెబుతాను. క్యారియర్ మీద మాకు మిగిలేది జుబ్బాల మీద మిగిలేదానికంటే బాగా ఎక్కువ, ఆఫీసు టీమ్‌ల ఆర్డర్లు ఆగిపోతే ముందుగా దెబ్బ పడేది మాకే. కానీ సీలు కూడా విప్పని డబ్బాలు బిడ్డకి ఎనిమిదో నెల వచ్చాక తిరిగొస్తుంటే, అప్పుడు మార్చి ఇవ్వలేక, ఇవ్వలేమని చెప్పలేక పడే ఇబ్బంది కంటే ఇదే నయం అనిపించింది. రేట్లు ఇవీ: రింగ్ స్లింగ్ 1,800 నుంచి, బకిల్ రకం 3,500 నుంచి 6,000 వరకు. ఇంతకంటే తక్కువకి వేరే చోట దొరకొచ్చు, కొనుక్కోండి. లేబుల్ మీద ఈఎన్ 13209-2 గానీ ఏఎస్‌టీఎం ఎఫ్2236 గానీ ఉందేమో చూడండి, అవి యూరప్, అమెరికా వాళ్లు మెత్తటి క్యారియర్లని పరీక్షించే ప్రమాణాలు. రింగ్ స్లింగ్‌కి అవి వర్తించవు. దానికైతే రింగుల్లో ఎక్కడా అతుకు కనిపించకూడదు. పెద్ద బ్రాండ్ పేరుతో సగం ధరకి ఆన్‌లైన్‌లో దొరికితే డూప్లికేట్ అయ్యుండొచ్చు, బకిల్ నొక్కి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కా చెల్లెళ్ల దగ్గర వాడినది దొరికితే అంతకంటే మంచిది లేదు, కుట్లు, బకిళ్లు చూసి తీసుకోండి, మా దగ్గరికి తెస్తే మేమే చూసి పెడతాం, డబ్బులేం వద్దు.

వాకర్లు కూడా అడుగుతున్నారు, అవి మా దగ్గర మొదటి నుంచీ లేవు, ఇకముందూ ఉండవు. కెనడా వాళ్లు 2004లోనే వాటి అమ్మకం నిషేధించారు, మెట్ల మీద నుంచి పడిపోయే పిల్లల వల్ల.

ఫిట్టింగ్‌కి మంగళవారం నుంచి శనివారం వరకు, ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట లోపు రండి, అప్పుడు రద్దీ ఉండదు, కూర్చుని చూపించే తీరిక ఉంటుంది. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, నిలబడటానికే చోటుండదు. బిడ్డకి పాలు పట్టి తీసుకురండి, ఆకలి మీదున్న బిడ్డతో ఏ క్యారియర్ ట్రయలూ కుదరదు. ఇద్దరూ రండి, అమ్మమ్మ ఊర్లో ఉంటే ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకు రండి.