టెండర్లకు జీవోలు చాలవు, చట్టం కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. రాష్ట్ర ప్రభుత్వ శాఖల నుంచి గ్రామ పంచాయతీల దాకా ప్రజల సొమ్ముతో పనులు చేయించడానికి, సరుకులు కొనడానికి ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ ఆమోదించిన సమగ్ర చట్టం లేదన్న సంగతి మీ పాఠకుల్లో చాలామందికి తెలిసి ఉండదు. ఫైనాన్షియల్ కోడ్, పబ్లిక్ వర్క్స్ కోడ్, వాటి మీద దశాబ్దాలుగా పేరుకుపోయిన జీవోలు, మెమోలే ఉద్యోగులకు ఆధారం. అంచనా విలువకు 5 శాతం మించి ఎక్సెస్ కోట్ చేసిన టెండరును తిరస్కరించాలన్న నిబంధన 2003 జులై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవోలోనిది. తెలంగాణకూ ఇదే వారసత్వంగా వచ్చింది.

జీవోతో వచ్చిన పద్ధతిని మరో జీవో తీసేయగలదు. 2019లో వచ్చిన రివర్స్ టెండరింగ్, అంటే టెండర్లలో వచ్చిన తక్కువ ధర మీద మళ్లీ పోటీ పెట్టి ఇంకా తగ్గించే పద్ధతి, 2024లో ప్రభుత్వం మారాక పోయింది. 100 కోట్ల రూపాయలు, ఆపైన విలువ గల ప్రాజెక్టుల టెండరు పత్రాలను ముందుగా ఒక న్యాయమూర్తి పరిశీలించాలని 2019లో చట్టమే చేశారు, దాన్నీ 2024లో రద్దు చేశారు. ఆ రెండింటి మంచిచెడ్డల జోలికి నేను పోను. అవి ఉన్న రోజుల్లోనైనా, తీసేసిన తరువాతనైనా, పల్లెలో ఎనిమిది లక్షలతో కట్టే కల్వర్టుకు ఒరిగినదేమీ లేదు. పేదవాడు నడిచేది ఆ కల్వర్టు మీదనే కాబట్టి నా బాధంతా దాని గురించే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టెండరు రోజంటే ఆఫీసు వరండాలో లక్క సీలు వేసిన పెట్టె ఉండేది, దాని చుట్టూ ముందే కుమ్మక్కై రింగు కట్టిన కాంట్రాక్టర్ల మనుషులు ఉండేవారు. కవరు పట్టుకుని వచ్చిన ఒక కుర్రవాణ్ణి గేటు దగ్గరే ఆపి, గడువు దాటేదాకా మాటల్లో పెట్టి పంపేయడం నేను కళ్లారా చూశాను. ఉమ్మడి రాష్ట్రం 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్‌లో టెండర్లు వేసే పద్ధతి, ప్రారంభించినప్పుడు ఆ పెట్టె, దానితో పాటు ఆ గుంపు పోయినందుకు నాలాంటివాళ్లం నిజంగా సంతోషించాం. దేశంలో అందరికంటే ముందు ఆ దారి పట్టిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. అయితే కంప్యూటరు కవరును కాపాడుతుందే తప్ప, కవరు లోపలి షరతులు ఎవరి కోసం రాశారో అడగదు. ఒకే సిమెంటు రోడ్డును మూడు అంచనాలుగా విడగొట్టి, టెండరు పిలవనక్కర్లేని పరిమితి లోపలికి తెచ్చి, నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా, ఇచ్చేసిన పనిని ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలో మూడు పేజీల్లో మూడు పనులుగా నమోదు చేసి ఉండగా నేను ఆ కొలతలను సరిచూసే చెక్ మెజర్‌మెంటుకు వెళ్లాను. టేపు పట్టి చూస్తే ఒక ముక్క ఎక్కడ ముగిసి రెండోది ఎక్కడ మొదలైందో చెప్పగల గుర్తు రోడ్డు మీద ఎక్కడా లేదు.

ఇలాంటిచోట అన్యాయం జరిగిందనుకున్న చిన్న కాంట్రాక్టరు ఎక్కడికి వెళ్లాలి? ప్రభుత్వం తన ఇష్టం వచ్చినవారికి కాంట్రాక్టులు కట్టబెట్టరాదని సుప్రీంకోర్టు 1979లోనే రమణ దయారామ్ శెట్టి కేసులో తేల్చి చెప్పింది. కానీ ఆ హక్కును నిలబెట్టుకోవాలంటే హైకోర్టులో రిట్ వేయాలి. ఎనిమిది లక్షల పనికి అంత ఖర్చు ఎవరూ పెట్టుకోరు. తమిళనాడు 1998లోనూ, కర్ణాటక 1999లోనూ చేసిన టెండర్ల పారదర్శకత చట్టాలు స్థానిక సంస్థలకూ వర్తిస్తాయి, వాటిలో అప్పీలు చేసుకునే హక్కు ఉంది. రాజస్థాన్ 2012లో, అస్సాం 2017లో చట్టాలు చేసుకున్నాయి. తమిళనాడులో 2 కోట్ల లోపు టెండరుకు కనీసం 15 రోజులు, ఆపైన 30 రోజులు గడువు ఇవ్వాలి, తగ్గిస్తే పై అధికారి కారణం రాసి సంతకం చేయాలి. కారణం రాయవలసి రావడం ఎంత పెద్ద అదుపో ఫైళ్లతో బతికినవారికి తెలుస్తుంది.

బిల్లుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. మా వీధిలో ఒకతను ఒక పురపాలక సంఘానికి పైపులు, బ్లీచింగ్ పౌడరు సరఫరా చేసి, రెండేళ్లు డబ్బు రాక చివరికి మినీ లారీ అమ్ముకున్నాడు. చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా చెల్లించాలనీ, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలనీ 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోందని నేనే అతనికి చెప్పాను. ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డరు రాదేమోనని భయపడి అతను ఊరుకున్నాడు. ఆ భయానికి చివరకు డబ్బు చెల్లించేది ప్రజలే, ఎందుకంటే బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని సరఫరాదారు ఆ ఆలస్యాన్ని కూడా ధరలో కలుపుకునే కోట్ చేస్తాడు.

అందువల్ల ఇరు రాష్ట్రాల ప్రభుత్వాలూ పంచాయతీలను, పురపాలక సంఘాలను కలుపుకుని ప్రభుత్వ పనులకు, కొనుగోళ్లకు ఒక చట్టం తేవాలని కోరుతున్నాను. పనులను ముక్కలు చేయడాన్ని అది నేరుగా నిషేధించాలి. జిల్లా స్థాయిలోనే, టెండరు పిలిచిన శాఖతో సంబంధం లేని అధికారి ముందు అప్పీలుకు వీలుండాలి. ఆలస్యపు వడ్డీ ఎవరూ అడగకుండానే బిల్లుతో పాటు జమ కావాలి. ముసాయిదాను సభలో పెట్టడానికి ముందు తెలుగులో ప్రచురించి, ప్రతి గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద అతికించి, కనీసం రెండు నెలలు అభిప్రాయాలు తీసుకోవాలి.

భవదీయుడు,
విశ్రాంత పంచాయతీరాజ్ ఇంజినీరు,
బాపట్ల జిల్లా